ఇంటికి చేర్చడం ఆఖరి మెట్టు: క్షమాభిక్షపై విడుదలైన ఒక మహిళ కేసు

రాజమహేంద్రవరం మహిళా ప్రత్యేక కారాగారం నుంచి క్షమాభిక్షపై బయటికొచ్చిన ఒక మహిళతో మా సంస్థ చేసిన పునరావాస పనికి ఇది నివేదిక. మనిషిని గుర్తుపట్టకుండా ఊరి పేరు తీసేశాం, వయసులు కాస్త జరిపాం, అదే తరహా మరికొన్ని కేసుల వివరాలు ఇందులో కలిపాం. రూపాయల లెక్కలన్నీ సుమారువే. కొత్తగా ఈ పనిలోకి వచ్చే కౌన్సిలర్లు, లీగల్ వాలంటీర్లు, పొదుపు సంఘాల సీసీలు (కమ్యూనిటీ కోఆర్డినేటర్లు) చదువుతారని రాస్తున్నాం.

నేపథ్యం

భర్త హత్య కేసులో 2013లో అరెస్టయింది. అప్పటికి ముప్పై లోపు వయసు, ఐదో తరగతి చదువు. జామీను ఇచ్చేవాళ్లు లేక విచారణ కాలమంతా రిమాండులోనే గడిచింది. ఆ తరువాత యావజ్జీవం పడింది. పెరోల్‌కి అర్హత వచ్చాక కూడా ఒక్కసారీ బయటికి రాలేదు. పెరోల్ కావాలంటే పూచీ ఇచ్చే మనిషి, వెళ్లి ఉండే ఇల్లు చూపించాలి. పుట్టింటివాళ్లు ఆ రెండూ కాదన్నారు.

పిల్లలిద్దరు. అరెస్టు నాటికి బాబుకి ఏడాది, తల్లితోపాటే లోపలికెళ్లాడు. జైల్లో తల్లి దగ్గర బిడ్డ ఆరేళ్ల వరకే ఉండొచ్చని ఆర్.డి. ఉపాధ్యాయ్ కేసులో 2006లో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ వ్యాజ్యంలో ప్రతివాది ఆంధ్రప్రదేశ్ రాష్ట్రమే. ఆరేళ్లు నిండగానే బాలల సంక్షేమ కమిటీ బాబుని నానమ్మకి అప్పగించింది. పాపకి అరెస్టు నాటికి ఆరేళ్లు. ఆ రాత్రి ఇంట్లోనే ఉంది, ప్రాసిక్యూషన్ సాక్షిగా కోర్టులో నిలబడింది. ఈ ఒక్క వాస్తవం కేసు మొత్తాన్నీ నడిపించింది.

విడుదల రాజ్యాంగం 161వ అధికరణ కింద జరిగింది. మరణశిక్షకి వీలున్న నేరాల్లో యావజ్జీవం పడినవాళ్లు కనీసం 14 ఏళ్లు లోపలుండాలని పాత సీఆర్‌పీసీ 433-ఏ చెప్పేది. గవర్నర్ క్షమాభిక్ష అధికారానికి ఆ గడువు అడ్డు రాదు. 2020 నవంబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 53 మంది యావజ్జీవ మహిళా ఖైదీలను వదిలింది ఈ అధికారంతోనే. ఇలాంటి ఉత్తర్వుల్లో రెండు షరతులు మామూలుగా కనిపిస్తాయి. ఒకటి 50,000 రూపాయల సొంత పూచీకత్తు బాండు, రెండోది మూడు నెలలకోసారి పోలీసు స్టేషన్లో హాజరు. చదివినప్పుడు చిన్నగానే కనిపించే ఈ రెండో షరతే తరువాత పెద్ద తలనొప్పి అయింది.

నేరం ఎలా జరిగిందన్నది ఈ నివేదికలో లేదు, కేసు ఫైల్లోనూ లేదు. తీర్పు కాపీని కేస్‌వర్కర్ ఒక్కసారి చదువుతారు, అది కూడా మూడు సంగతుల కోసం: బయట ఆమెకి ఎవరి నుంచి ముప్పు ఉంది, పిల్లలు ఏం చూశారు, ఫిర్యాదిదారు ఎవరు. అంతకు మించి అడగడం ఆసక్తి అవుతుంది, పని కాదు.

విడుదలకు ముందు

క్షమాభిక్ష జాబితా చివరి నిమిషంలో బయటికొస్తుంది. ఉత్తర్వు వచ్చాక మొదలుపెడితే చేతిలో రెండు మూడు రోజులే ఉంటాయి. అందుకే పేరు జాబితాకి వెళ్లిందని తెలిసిన రోజే నాలుగు పనులు మొదలవ్వాలి.

మొదటిది, వేరే పెండింగ్ కేసులు ఉన్నాయేమో చూడటం. ఈ-కోర్ట్స్ సైట్లో ఆమె పేరుతో, భర్త పేరుతో, తండ్రి పేరుతో విడివిడిగా వెతకాలి. ఇంటిపేరు స్పెల్లింగు మూడు నాలుగు రకాలుగా ఉంటుంది, అన్నీ చూడాలి. పక్క జిల్లాలూ చూడాలి. ఎప్పటిదో చిన్న కేసులో వాయిదాకి రాలేదని నాన్‌బెయిలబుల్ వారెంటు ఉండిపోతుంది. లోపలున్న మనిషి వాయిదాకి ఎలా వెళ్తుందని ఎవరూ అడగరు. విడుదల రోజు గేటు దగ్గరే మళ్లీ పట్టుకెళ్తారు. ఇక్కడ అలాంటిదేమీ తగల్లేదు.

రెండోది జరిమానా. తీర్పులో శిక్షతోపాటు జరిమానా, కట్టకపోతే అదనపు జైలు అని ఉంటుంది. ఆ సొమ్ము కట్టలేక అదనపు నెలలు లోపలే గడిపేవాళ్లున్నారు. పేద ఖైదీల కోసం కేంద్రం 2023లో తెచ్చిన పథకంలో శిక్ష పడినవాళ్లకి 25,000 రూపాయల వరకు జరిమానా కట్టించే వీలుంది. దరఖాస్తు జైలు అధికారుల ద్వారా జిల్లా కమిటీకి వెళ్తుంది. ఈమెది చిన్న మొత్తం, జైల్లో సంపాదించిన కూలిలోంచే కట్టేసింది.

మూడోది మందులు. నిద్ర పట్టక, దిగులు పోక ఆమె రెండేళ్లుగా సెర్ట్రలీన్ వాడుతోంది. విడుదల రోజు మందుల చీటీ అడగాలని ఎవరికీ గుర్తుండదు. ఈ మందు ఒక్కసారిగా ఆపితే నాలుగైదు రోజుల్లో తల తిరగడం, చిరాకు, పీడకలలు మొదలవుతాయి. చుట్టుపక్కలవాళ్లు ‘జైలు నుంచి వచ్చాక పిచ్చెక్కింది’ అనేది చాలాసార్లు దీన్ని చూసే. జైలు వైద్యుడి నుంచి చికిత్స సారాంశం, నెలకి సరిపడా మాత్రలు ముందే తీసుకున్నాం. ప్రభుత్వ ఆసుపత్రి మానసిక వైద్య విభాగంలో చూపించే రోజు కూడా ముందే అనుకుని పెట్టాం.

నాలుగోది, ఎక్కడికి వెళ్లాలన్న ప్రశ్న. అలవాటుగా జరిగేదేంటంటే అన్నదమ్ముల్ని పిలిపించి, ఒప్పించి, ఆటో ఎక్కించి, ఫొటో తీసుకోవడం. ఫైల్లో ‘కుటుంబానికి అప్పగించడమైనది’ అని రాసుకుంటారు. ఆ వాక్యం తరువాత ఆరు నెలలకి ఆ మనిషి ఎక్కడుందో చూసినవాళ్లు తక్కువ. బతిమాలించుకుని ఒప్పుకున్న ఇల్లు పండగ దాకా ఓపిక పడుతుంది. పెళ్లి సంబంధం మాట రాగానే ఈమెని వరండాలోకి నెడుతుంది. ఈ కేసులో తమ్ముడు ఫోన్లోనే తేల్చేశాడు: ‘అక్క మీద కోపం లేదండి. ఇంటి ముందు మాత్రం దించకండి. మా అమ్మాయికి సంబంధాలు చూస్తున్నాం.’ అతన్ని ఒప్పించే ప్రయత్నం చేయలేదు. నిజం చెప్పినవాడి దగ్గరికి తరువాత మళ్లీ వెళ్లొచ్చు. మొహమాటానికి ఒప్పుకున్నవాడి దగ్గరికి రెండోసారి వెళ్లలేం.

కేంద్ర ప్రభుత్వ మిషన్ శక్తి పథకం కింద ఆసరా లేని మహిళల కోసం నడిచే శక్తి సదన్‌లో (పాత స్వధార్ గృహం) చేరడానికి ఆమె ఇష్టపడలేదు. గేటు, రిజిస్టరు, రాత్రి మనుషుల లెక్క అక్కడా ఉంటాయి. పట్టణం శివార్లలో ఒక గది చూశాం. అద్దె 2,500, అడ్వాన్సు రెండు నెలలది.

మొదటి వారాలు

గది చూసేటప్పుడు అద్దె కంటే ముందు చూడాల్సింది తలుపు. గడియ లోపలి వైపు ఉండాలి, తాళం చెవి ఆమె చేతిలోనే ఉండాలి, రెండో చెవి ఇంటి ఓనరు దగ్గర ఉండకూడదు. బాత్రూముకి చీకట్లో పెరడు దాటి వెళ్లే ఇల్లు పనికిరాదు.

పదేళ్లు రాత్రంతా లైటు వెలుగుతున్న బ్యారక్‌లో పడుకున్న మనిషికి చీకట్లో నిద్ర రాదు. జీరో వాట్ బల్బు పెట్టాం, తరువాత తనంతట తనే తీసేసింది. తెల్లవారుజామున లెక్క వేళకి మెలకువ వచ్చి మంచం పక్కన నిలబడేది. బయటికెళ్లాలంటే ‘మేడం, వెళ్లనా?’ అని అడిగేది. దీనికి మందు ‘వెళ్లమ్మా’ అనడం కాదు. అలా అంటే అనుమతి ఇచ్చే మనిషి మారిందంతే. ఎవరినీ అడగకుండా రోజుకొక నిర్ణయం చొప్పున మొదలుపెట్టాం: ఏ కూర వండుకోవాలి, ఏ వైపు నడవాలి, ఏ రంగు జాకెట్టు గుడ్డ. రాత్రి ఫోన్లో ఆ నిర్ణయమేమిటో చెప్పాలి, అంతే. బాగుందనో బాగోలేదనో మేం అనకూడదు. ఈ రెండో నియమాన్ని పాటించడం కేస్‌వర్కర్లకే కష్టం.

డబ్బుతో ఇబ్బంది ఇంకో రకం. ఆమె లోపలికెళ్లేనాటికి పాత 500, 1000 నోట్లు నడుస్తున్నాయి. బయటికొచ్చేసరికి 1000 లేదు, 500 రూపు మారింది. 2000 నోటు 2016లో పుట్టి 2023 మేలో చెలామణీ నుంచి వెనక్కి వెళ్లిపోయింది, దాన్ని ఆమె కంటితో చూడనే లేదు. కూరగాయల బండి మీద క్యూఆర్ స్టిక్కరు చూసి దేవుడి యంత్రం అనుకుంది. యూపీఐ నేర్పడం తొందరపడే పని కాదు. మొదటి మూడు నెలలూ చేతి డబ్బుతోనే గడవాలి. చేతి లెక్క కుదిరాక, ఖాతాలో 500 మించకుండా ఉంచి యూపీఐ మొదలుపెట్టాం. ఎవరికైనా మోసపోయినా ఆ 500తోనే పోతుంది.

సామాన్ల విషయంలో ఒక మాట. దాతలు చీరలే ఇస్తారు. చీరలు మూడు చాలు. నిజంగా కావాల్సినవి చత్వారం అద్దాలు, సరైన సైజు చెప్పులు, కుక్కరు, చిన్న గ్యాస్ స్టవ్, దోమతెర, నెలసరి ప్యాడ్లు, కీప్యాడ్ ఫోను. సరంజామా అంతా కలిపి 6,000 లోపే.

కాగితాలు

అన్నింటికీ మూలం ఫోన్ నంబరు. ఆధార్‌కి లింకై ఉన్నది 2013 నాటి భర్త సిమ్ము. వాడని నంబరును టెలికాం కంపెనీ కొన్నాళ్లకి ఇంకొకరికి ఇచ్చేస్తుంది. అంటే ఆమె ఓటీపీ ఎవరో తెలియని మనిషికి పోతుంది. కాబట్టి వరస ఇది: ముందు వేలిముద్రతో కొత్త సిమ్ము, తరువాత ఆధార్ కేంద్రంలో నంబరు మార్పు, ఆ తరువాతే మిగతావి. నంబరు మార్పుకి వేరే కాగితం అడగరు, మనిషి వెళ్తే చాలు. వేలిముద్రలు అరిగిపోతే కనుపాపతో చేయమనాలి. ఆపరేటర్ ‘పడట్లేదమ్మా, రేపు రా’ అని పంపేస్తే ఆ రేపు చాలాసార్లు వస్తుంది.

బ్యాంకు ఖాతా రెండేళ్లు వాడకపోతే ఇనాపరేటివ్ అవుతుంది. ఖాతా పోదు, డబ్బూ పోదు. కేవైసీ కాగితాలిచ్చి తెరిపించుకోవచ్చు, దానికి ఫీజు ఉండదు. కౌంటర్లో మాత్రం ‘కొత్తది తెరుచుకోండి’ అంటారు. జైలు కూలి ఆ పాత ఖాతాలోనే పడి ఉంటే కొత్తది తెరవడం వల్ల ఒరిగేదేమీ లేదు.

అసలు ముడి గ్రామ సచివాలయంలో పడింది. ఎవరు ఏ కుటుంబంలో ఉన్నారో అక్కడ నమోదు చేసే హౌస్‌హోల్డ్ మ్యాపింగ్‌లో ఆమె పేరు ఇంకా అత్తింటి కుటుంబంలోనే ఉంది. బియ్యం కార్డులోంచి మాత్రం అత్తగారు ఎప్పుడో తీయించేసింది. కార్డేమో ఆమె ఆ ఇంటిది కాదంటుంది, మ్యాపింగేమో ఆ ఇంటిదే అంటుంది. కొత్త కార్డు దరఖాస్తు పెట్టిన ప్రతిసారీ సిస్టమ్ తిప్పి కొట్టింది. డిజిటల్ అసిస్టెంటు తన చేతిలో లేదన్నాడు, ఆ మాట నిజమే. పైకి వెళ్లాలంటే రాతపూర్వకంగా కదిలించాలి. విడుదల పత్రం, భర్త మరణ ధ్రువపత్రం, అద్దె ఒప్పందం జతచేసి, జిల్లా న్యాయ సేవాధికార సంస్థ నుంచి ఒక లేఖతో ఎంపీడీవో కార్యాలయానికి పంపాక గానీ కదల్లేదు. మహిళలకి ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయ సహాయం 1987 చట్టం 12వ సెక్షన్ ఇచ్చిన హక్కు. దాన్ని కోర్టు కేసులకే అనుకుంటారు గానీ ఇలాంటి చోట ఆ లెటర్‌హెడ్‌కి చాలా విలువ.

ఓటు మాట చాలామంది మరిచిపోతారు. జైల్లో ఉన్నంతకాలమే ఓటు వేయకూడదు, బయటికొచ్చాక అడ్డులేదు. పేరు తీసేసి ఉంటే కొత్తగా పేరు చేర్చే ఫారం-6 పెట్టాలి. ఆ కార్డు వచ్చిన రోజు ఆమె ముఖంలో కనిపించిన మార్పు పింఛన్ల మాట ఎత్తినప్పుడు కనిపించలేదు.

ఆస్తి విషయంలో ఆశ పెట్టకూడదు. హిందూ వారసత్వ చట్టం 25వ సెక్షన్ ప్రకారం హత్య చేసినవారికి హతుడి ఆస్తిలో వాటా రాదు. భర్త పేరున ఉన్న 30 సెంట్లు పిల్లలకి, భర్త తల్లికి వస్తాయి, ఆమెకి రావు. హైకోర్టులో అప్పీలు పెండింగులో ఉంటే దాన్ని వదిలేయవద్దని చెప్పేది ఇందుకే. క్షమాభిక్ష శిక్షను తగ్గిస్తుంది గానీ నేర నిర్ధారణను చెరిపేయదు. ఈమె అప్పీలు ఎప్పుడో కొట్టేశారు. ఆ సంగతి ఆమెకి బయటికొచ్చాకే తెలిసింది.

స్టేషన్ సంతకం

మొదటి హాజరు గడువుకి వారం ముందు ఒక కానిస్టేబుల్ యూనిఫాంలో గది దగ్గరికొచ్చి ఆమె పేరు పెట్టి అరుస్తూ వాకబు చేశాడు. ఓనరు ఆ సాయంత్రమే ఖాళీ చేయమన్నాడు. కానిస్టేబుల్‌కి చెడు ఉద్దేశమేం లేదు, చిరునామా సరిచూసుకోవడం అతని పని. విడుదలైన వారంలోపే స్టేషన్ బాధ్యతలు చూసే ఎస్‌హెచ్‌వోకి ఒక కాగితం ఇచ్చి ఉండాలి: ఆమె స్వయంగా ఫలానా తేదీల్లో వచ్చి సంతకం చేస్తుంది, చిరునామా సరిచూడాలంటే మఫ్తీలో రండి, లేదా సచివాలయంలోని మహిళా పోలీసు ద్వారా చూడండి. కాపీ మీద స్టేషన్ ముద్ర వేయించుకోవాలి. రెండో గదికి మారాక ఇదే చేశాం, మళ్లీ ఆ గొడవ రాలేదు.

ఓనరుకి ఏం చెప్పాలన్నది ఎప్పుడూ వచ్చే ప్రశ్న. అబద్ధం చెప్పించం, అడగనిది చెప్పించం. ‘భర్త లేడు, నర్సరీలో పని, ఈ సంస్థవాళ్లు తెలుసు’ ఇంతవరకే. నేరుగా అడిగితే ‘కేసు అయింది, శిక్ష అయిపోయింది’ అని రెండు ముక్కల్లో చెప్పి ఆగాలి. ఇది ముందే నాలుగుసార్లు గట్టిగా అని చూసుకోవాలి. లేకపోతే ఆ క్షణంలో ఏడుపొచ్చి మొత్తం కథ బయటికొస్తుంది, మర్నాటికి వీధంతా తెలుస్తుంది.

మంగళవారం చాప

ఈ పనిలో ఎక్కువ ఫలితం ఇచ్చింది ఏమిటని అడిగితే మేం చూపించేది దీన్నే. వారానికొకసారి గంటన్నర, ఎనిమిది మంది ఆడవాళ్లు, అందరూ జైలు చూసినవాళ్లే. చాపల మీద గుండ్రంగా కూర్చుంటారు. నడిపేది మూడేళ్ల కిందట విడుదలైన ఒక పెద్దావిడ, ఆమెకి పూటకి 500 ఇస్తాం. ఇది గౌరవవేతనం అని పేరు పెట్టిన దానం కాదు, పనికి కూలి. కౌన్సిలర్ పక్కన కూర్చుంటుంది గానీ నడపదు.

చేతులు ఖాళీగా ఉండకూడదు. పూలు కడతారు, లేదంటే చింతపండు గింజ తీస్తారు. చూపు చేతుల మీద ఉంటే మాట దానంతటదే వస్తుంది. ఎదురెదురుగా కుర్చీలేసి ‘మీ బాధ చెప్పండి’ అంటే విచారణలా ఉంటుంది, వాళ్లు అలాంటివి చాలా చూశారు. మొదట ఒక్కొక్కరు ఒంటి సంగతి చెప్పాలి: మోకాలు నొప్పి, రాత్రి నిద్ర పట్టిందా, ఆకలి ఉందా. మనసు గురించి అడగం, ఒంటి నుంచి మనసుకి వాళ్లే వెళ్తారు. ఎవరి కేసు ఏమిటన్నది ఎవరూ అడగకూడదు. అడగకుండా సలహా ఇవ్వకూడదు. ఒకరికొకరు అప్పులు ఇచ్చుకోకూడదు. ఏడిస్తే ఓదార్చడానికి మీద పడకూడదు, నీళ్ల గ్లాసు పక్కన పెట్టి పని కొనసాగించాలి.

ఇందులో రెండు చోట్ల చెడుతుంది. మొదటిది ప్రార్థన. లోపల చాలామంది ప్రభువుని నమ్ముకుంటారు, జైలు పరిచర్య చేసేవాళ్లు వాళ్లకి నిజంగా తోడుంటారు కూడా. బయట చాప మీద ఒకరు పాట ఎత్తుకుంటే ఇంకొకరు లలితా సహస్రనామం తీస్తారు, మూడో వారానికి రెండు గుంపులు. అందుకే చాప మీద పాటా లేదు, దీపమూ లేదు. మొదట్లో రెండు నిమిషాల మౌనం. ఎవరి దేవుణ్ణి వాళ్లు లోపల తలుచుకోవచ్చు.

రెండోది జైలు పాత లెక్కలు. శిక్ష పడినవాళ్లలో కొందరిని కన్విక్ట్ ఓవర్సీర్లుగా పెడతారు. బ్యారక్‌లో ఎవరేం చేశారో పైకి చెప్పడం వాళ్ల పనిలో భాగం. ఆ ఓవర్సీరు, ఆమె చెప్పడం వల్ల ములాఖత్ (ఇంటివాళ్లని కలిసే వీలు) పోగొట్టుకున్న మనిషి ఒకే చాప మీద కూర్చుంటే ఏమవుతుందో ఊహించుకోవచ్చు. కొత్త మనిషిని తెచ్చే ముందు చాప మీద ఉన్నవాళ్లని విడివిడిగా అడగాలి. ఒక్కరు ‘వద్దు’ అన్నా కారణం అడగకుండా ఆమెని వేరే గుంపుకి పంపాలి. ఈ కేసులో మహిళ మొదటి ఐదారు వారాలు నోరు విప్పలేదు. పూలు మాత్రం అందరికంటే గట్టిగా కట్టేది. తరువాత ఒకరోజు ‘మా పాప పెద్దమనిషైందంట, ఎవరో చెప్తే తెలిసింది’ అంది. చాప మీద ఎవరూ మాట్లాడలేదు. పెద్దావిడ ‘నాకూ అంతే అమ్మా’ అని తన దండలోని ముడి బిగించుకుంది.

లెక్కల్లో చెప్పాలంటే, దిగులు ఎంతుందో తొమ్మిది ప్రశ్నలతో కొలిచే పీహెచ్‌క్యూ-9 స్కోరు (27కి) మొదట 17, ఆరో నెలలో 9. ఇది చాప వల్లే అని చెప్పలేం, మందులు కూడా నడుస్తున్నాయి. తొమ్మిదో ప్రశ్న, చనిపోవాలన్న ఆలోచన గురించినది, ఎప్పుడూ నోటితోనే అడగాలి, కాగితం మీద టిక్కు పెట్టించకూడదు. దానికి సున్నా కాకుండా ఏ జవాబొచ్చినా అదే రోజు డాక్టరుతో మాట్లాడాలి. రాత్రివేళలకి ప్రభుత్వ మానసిక సహాయ ఫోన్ లైను టెలీ మానస్ 14416 నంబరు ఆమె ఫోన్లో 4 బటను మీద పెట్టాం.

పని

జైల్లో కుట్టు నేర్చుకున్నారు కాబట్టి కుట్టుమిషను ఇద్దామని ప్రతి దాతా అంటాడు. జైల్లో నేర్పేది ఎక్కువగా నేరు కుట్లు. బయట గిరాకీ ఉన్నది కొలత జాకెట్లకి. కొలత జాకెట్టు చెడగొడితే ఆ వీధి మళ్లీ రాదు. పైగా ఇంట్లో ఒంటరిగా మిషను ముందు కూర్చోవడం ఇలాంటి మనిషికి మంచిది కాదు.

వంట పనులు కూడా మొదటి ఏడాది వద్దంటాం. ఆత్రేయపురం దగ్గర్లోనే ఉంది, పూతరేకుల పని ఆడవాళ్లదే, నేర్పేవాళ్లూ ఉన్నారు. అయినా తినే వస్తువు దగ్గర వెలి ముందుగా బయటపడుతుంది. ‘ఆ చేత్తో చేసింది’ అన్న మాట ఒక్కసారి పుడితే చేసినవాళ్లే కాదు, ఆమెని పెట్టుకున్న ఇల్లూ నష్టపోతుంది.

కడియం నర్సరీలు కుదిరాయి. కడియం, కడియపులంక చుట్టూ వందల నర్సరీలున్నాయి, కూలీల్లో ఆడవాళ్లు ఎక్కువ. కవర్లు నింపడం, మొక్క మార్చడం, కలుపు తీయడం, లారీకెక్కించడం. పది మందిలో ఒకరిగా ఉంటుంది, మొక్క కొనేవాడికి కవరు ఎవరు నింపారో అక్కర్లేదు. రోజుకి 350, వారం చివర్లో చేతికి. మేస్త్రికి ముందే ఒక మాట చెప్పి ఉంచాం: మూడు నెలలకొక పూట పని మానాలి, నెలకొక పూట ఆసుపత్రి ఉంది. కారణం చెప్పలేదు, అతనూ అడగలేదు. వానాకాలం నుంచి చలికాలం వరకు పని నిండుగా ఉంటుంది, ఏప్రిల్, మే నెలల్లో సగానికి పడిపోతుంది. ఆ రెండు నెలల అద్దె ముందే పక్కన పెట్టించకపోతే అప్పుల్లోకి దిగుతుంది. వారానికి 150 చొప్పున చాప పెద్దావిడ దగ్గర కాకుండా పోస్టాఫీసు ఖాతాలో వేయించాం.

మొదటి నెలలోనే నడుం పట్టేసింది. పరీక్ష చేయిస్తే హిమోగ్లోబిన్ 8.2. ఐరన్ మాత్రలు, నులిపురుగుల మాత్ర ఏఎన్ఎం దగ్గరే దొరికాయి. కూలికి పంపే ముందు చేయించాల్సిన పరీక్ష ఇది.

పొదుపు సంఘంలో చేరడం అంత తేలిగ్గా జరగలేదు. ‘బ్యాంకు అప్పు పదిమంది పేరు మీద వస్తుంది, రేపు ఈవిడ మళ్లీ లోపలికెళ్తే ఎవరు కట్టాలి?’ అని సంఘం లీడరు అడిగింది. దాన్ని వివక్ష అని కొట్టిపారేయకూడదు, ఆ ప్రశ్నలో లెక్క ఉంది. ఆరు నెలలు పొదుపు మాత్రమే, అప్పు లేదు, ప్రతి సమావేశానికీ హాజరు అన్న షరతు మీద తీసుకున్నారు. ఏడో నెలలో అంతర్గత అప్పు 5,000 తీసుకుని మూడు నెలల్లో తీర్చేసింది. ఆ తరువాత అదే లీడరు ఆమెని ‘వదినా’ అని పిలవడం మొదలుపెట్టింది.

పిల్లలు

బయటికొచ్చిన రోజే ఆమె అడిగింది పిల్లల్ని చూపించమని. ఏడాది దాకా చూపించలేదు. దీనికి కోపగించుకునేవాళ్లు ఉంటారు, మన పనివాళ్లలోనూ ఉన్నారు. నిలకడ లేకుండా కలిసి, మళ్లీ కనపడకుండా పోతే పిల్లలకి ఇది రెండోసారి తల్లి పోవడం.

నానమ్మ దగ్గరికి మొదట వెళ్లింది మేం కాదు, జిల్లా బాలల పరిరక్షణ విభాగం సామాజిక కార్యకర్త. నానమ్మే ఫిర్యాదిదారు, కొడుకుని పోగొట్టుకున్న తల్లి. కోడలి తరఫు మనిషి గుమ్మం తొక్కితే ఆ తలుపు మళ్లీ తెరుచుకోదు. బాలల కోసం కేంద్రం నడిపే మిషన్ వాత్సల్య స్పాన్సర్‌షిప్ కింద బిడ్డకి నెలకి 4,000 వచ్చే వీలుందని చెప్పి, దరఖాస్తు నానమ్మ పేరు మీదే పెట్టించాం. పల్లెల్లో ఏడాది ఆదాయం 72,000 మించకూడదు, వాళ్లది అంతకు లోపే. ఆ డబ్బుకి, తల్లి కలవడానికి ముడి పెట్టలేదు. ముడి పెట్టి ఉంటే బేరం అయ్యేది. నాలుగు నెలల తరువాత ఆవిడే అడిగింది: ‘అది ఎక్కడుంటోంది?’

బాబు వచ్చాడు. పన్నెండేళ్లు. కలిసింది బాలల విభాగం ఆఫీసులో, నలభై నిమిషాలు. తల్లికి ముందే చెప్పిన నియమాలు: వాడు దగ్గరికొస్తే తప్ప ముట్టుకోకూడదు, క్షమించమని అడగకూడదు, నానమ్మ గురించి ఒక్క మాట అనకూడదు, తెచ్చే వస్తువు 100 రూపాయలు దాటకూడదు. క్షమించమని పెద్దవాళ్లు అడిగితే పిల్లాడి మీద తీర్పు చెప్పే భారం పడుతుంది. బాబుకి ఆరేళ్ల దాకా ఆమె ఒళ్లే ఇల్లు. జైలు పాటలు, వార్డర్ల పేర్లు వాడికి గుర్తున్నాయి. వాడే మాట్లాడాడు. ఇప్పుడు నెలకోసారి కలుస్తున్నారు.

పాప రానంది. ఇంటర్ చదువుతోంది. బాలల విభాగం కౌన్సిలర్‌తో మూడో మాటకే బయటపడింది: తను చెప్పిన సాక్ష్యం వల్లే అమ్మకి శిక్ష పడిందని ఆ పిల్ల అనుకుంటోంది. నాన్నని తీసుకెళ్లింది అమ్మ, అమ్మని తీసుకెళ్లింది తను. ఇలాంటి చోట తల్లినీ బిడ్డనీ ఎదురెదురుగా కూర్చోబెట్టి కరిగించేద్దామనే ఉబలాటం చాలా ప్రమాదం. పాపకి వేరే కౌన్సిలర్ ఉండాలి, తల్లి కౌన్సిలర్‌తో ఆ మనిషికి సంబంధం ఉండకూడదు. ఇద్దరి మధ్య ఏ కబురూ మోయకూడదు. తల్లి ఒక ఉత్తరం రాయించింది, అందులో ఒకే సంగతి: నువ్వు చూసింది చెప్పావు, అది తప్పు కాదు. ఆ ఉత్తరం పాప కౌన్సిలర్ ఫైల్లో ఉంది. ఉందని పాపకి తెలుసు, ఇంకా అడగలేదు.

ఖర్చు, ఫైలు

మొదటి ఏడాది ఒక మనిషి మీద సంస్థకి పడింది దాదాపు 48,000. అందులో అద్దె సాయం 20,000: రెండో గది కూడా అదే అద్దె, అడ్వాన్సు రెండు నెలలది, మొదటి ఆరు నెలలది పూర్తిగా. మొదటి గది అడ్వాన్సు తిరిగి రాలేదు, అదొక 5,000. సరంజామా 6,000, ఆసుపత్రి దారి ఖర్చులు, పరీక్షలు 5,000, కాగితాలకి 2,000, చాప ఖర్చులో ఆమె వంతు 5,000, మిగిలింది వేసవి రెండు నెలల లోటు. కేస్‌వర్కర్ జీతం ఇందులో లేదు. దాతలకి లెక్క చూపేటప్పుడు ఈ చివరి మాట దాచకూడదు. ఒక కేస్‌వర్కర్ ఇలాంటి కేసులు పన్నెండుకి మించి చూడలేరు. ఇరవై ఐదు అప్పగిస్తే అన్నీ మళ్లీ ‘కుటుంబానికి అప్పగించడమైనది’ దగ్గరే ఆగుతాయి.

ఫైలు మూయడానికి మా షరతులు నాలుగు: వరసగా ఆరు నెలల అద్దె సొంతంగా కట్టడం, మందులు డాక్టరు చెప్పి తగ్గించడం లేదా నిలకడగా ఉండటం, కష్టం వస్తే సంస్థకి కాకుండా ఇంకో మనిషికి ముందు ఫోను చేయడం, స్టేషన్ సంతకం తనంతట తను వెళ్లి చేయడం. నాలుగూ నెరవేరాయి. పోయిన వర్షాలకి గది కారితే ఆమె ముందు ఫోను చేసింది సంఘం లీడరుకి. మాకు తెలిసింది వారం తరువాత.

తమ్ముడు కూతురి పెళ్లి అయిపోయాక ఒకరోజు కడియం వచ్చి మేస్త్రిని వాకబు చేసి అక్కని కలిశాడు. సంక్రాంతికి రమ్మన్నాడు. ఆమె ఒక పూట వెళ్లి, రాత్రికి తన గదికి తిరిగొచ్చేసింది. పాప విషయం తేలేదాకా ఫైలు తెరిచే ఉంచమని బాలల విభాగం కోరింది, ఉంచాం. తరువాతి సమీక్ష పాప ఇంటర్ పరీక్షలు అయ్యాక.